కత్తిది కాని తప్పు

మన సంఘమువారి సంచికలలో వలసల చరిత్రమును గూర్చియు, నాయకరాజుల కాలమును గూర్చియు, మన పెండ్లిపాటలను గూర్చియు పెద్దలు పలుమారు వ్రాసియున్నారు. వానిని చదివి మేమును సంతోషించితిమి. అయితే మధుర, కోయంబత్తూరు ప్రాంతములలో స్థిరపడిన మన కుటుంబములలో యంత్రము పట్టి బ్రదుకువారు కొల్లలుగా నున్నారు. వారి చేతివిద్యను గూర్చి తెలుగున వ్రాసినది మిక్కిలి స్వల్పము. కావున ఈ వ్యాసమున ఒక చిన్న విషయమును ఎత్తుకొనుచున్నాము. కాగితమును, రేకును, ప్లాస్టిక్ పొరను నిలువునా చీల్చు స్లిట్టింగ్ యంత్రములు కలవు. వానిలో కోత చెడినప్పుడు తప్పు ఎక్కడ నున్నదో కనిపెట్టుట యెట్లు?

మేము యంత్రము నడిపినవారము కాము. కోయంబత్తూరు దాపున ఒక కాగితపు కార్ఖానాలో, కత్తులను ఇచ్చి పుచ్చుకొనుచు ముప్పదియేండ్లకు పైగా స్టోరు పద్దులు వ్రాసిన గుమాస్తాలము. కోతను గూర్చి మాకు తెలిసినదంతయు ఆ పద్దులనుండియు, ఒక కత్తిమేస్త్రీ నోటినుండియు తెలిసినదే.

ఇప్పుడు మా నివాసము కంబము. మార్కాపురము, గిద్దలూరుల నడుమ పెద్ద చెరువునకు ప్రసిద్ధి చెందిన కంబము కాదు. పడమటి కనుమల పాదమున తేని జిల్లాలో నున్న కంబము. 1996లో తేని జిల్లా వేరుపడువరకు ఇది మధుర జిల్లాలోని ఊరే. 1895లో పెరియారు ఆనకట్ట ముగిసి, కొండకు ఆవలి నీరు ఈవలికి మళ్లినది మొదలు ఈ లోయ పంటలకు నెలవైనది. ఇచటి పన్నీరు ద్రాక్షకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఏడాది పొడుగునను కాయ కోతకు వచ్చుట ఈ లోయకు గల విశేషము.

ద్రాక్షకును కత్తికిని సంబంధ మేమని పాఠకులు అడుగవచ్చును. ద్రాక్షపండు తోటనుండి అంగడికి పోవునది అట్టపెట్టెలో. అట్టపెట్టె యనగా కోసిన కాగితమే. మిల్లునుండి వచ్చు వెడల్పైన గోధుమరంగు కాగితపు రీలును మొదట పెట్టె కొలతకు నిలువునా చీల్తురు. పిమ్మట దానిని ముడుతలుగా మలచి, అతికి, అట్ట చేసి, ఆ అట్టను మరల కోసి మడతగీతలు వేయుదురు. అంచు పీచుగా నున్నచో జిగురు సరిగా పట్టదు. కొలత అటునిటు అయినచో పెట్టె మూలలు నిటారుగా నిలువవు. అట్టపెట్టె బలములో ఎక్కువ భాగము నిలువుమూలలలోనే కలదు. అవి వంగినచో దొంతరలో అడుగున నున్న పెట్టె నలిగి, దానిలోని పండు నీరుగారును. ఆ నష్టము కత్తి పట్టినవానికి తెలియదు, తోటవానికే తెలియును. ఒక అంచు చెడుట అంత చిన్న సంగతి కాదని చెప్పుటకే ఇంత వ్రాసితిమి.

యంత్రములు ఎన్ని రకములైనను చీల్చు పద్ధతులు ముఖ్యముగా మూడే. ఆ మూడును మన వంటయింటను, కుట్టుపెట్టెలోను కలవు.

మొదటిది కత్తిపీట పద్ధతి. కత్తిపీటలో కత్తి కదలదు, కూరగాయయే కదలును. అట్లే పలుచని ప్లాస్టిక్ పొరను సాగు పొరకు ఎదురుగా నిలిపిన క్షురపు బ్లేడు చీల్చును. బస్తాలు నేయు ప్లాస్టిక్ పట్టీలను ఇట్లే కోయుదురు. ఇందు బ్లేడు చవుక, మార్చుట సులువు. కాని ఒకేచోట రాచుకొనుటచే త్వరగా వేడెక్కి మొద్దుబారును.

రెండవది కజ్జికాయల చక్రము పద్ధతి. కజ్జికాయలను ఇచట మనవారు సోమాసి యనియు పిలుతురు. పిండి అంచును చక్రముతో పీటమీద నొక్కి కత్తిరించినట్లు, గుండ్రని కత్తి గట్టి రోలరుమీద ఒత్తి కాగితమును తునుమును. అమర్చుట మిక్కిలి సులభము. అయితే ఇది నిజమునకు కోయుట కాదు, నలుపుట. కావున దుమ్మును, నలిగిన అంచును తప్పవు.

మూడవది కత్తెర పద్ధతి. పైన గుండ్రని కత్తి యొకటి, క్రింద ఉక్కు ఉంగరమువంటి కత్తి యొకటి. రెండును తిరుగుచు ఒకదాని ప్రక్కను మరొకటి రాచుకొనును. కాగితము ఆ రెంటి నడుమ తెగును. మంచి అంచు కావలెనన్న ఇదియే శ్రేష్ఠము. కాని అమరిక చెడుటకు తావులును దీనియందే ఎక్కువ.

కత్తెర గుణము తెలిసినవారికి ఈ యంత్రపు గుణము తెలిసినట్లే. దర్జీవాని కత్తెరను వెలుతురునకు ఎత్తి చూడుడు. రెండు రెక్కలును పూర్తిగా అంటుకొని యుండవు. నడుమ సన్నని వెలితి కనబడును. ప్రతి రెక్కయు కొంచెము వంపుగా నుండును. అందుచే మూయునప్పుడు ఒక్క బిందువునందే రెండును తాకును. ఆ బిందువే మొదటినుండి చివరకు జరుగుచు బట్టను కోయును. నడిమి మేకు వదులైనచో ఎంత పదునైన కత్తెరయైనను బట్టను కోయక రెండు రెక్కల నడుమ మడిచి పెట్టును. ఆ సమయమున సాన పట్టువానియొద్దకు పరుగెత్తినవాడు కాసులు పోగొట్టుకొనును. మేకు బిగించినవాడు పని సాధించును.

యంత్రములోను ఇంతే. పై కత్తి క్రిందికత్తికి పూర్తిగా సమాంతరముగా నుండరాదు. కాగితము ప్రవేశించు వైపున తాకి, వెనుకవైపున విడిపోవునట్లు దానిని సుమారు అరడిగ్రీ వాల్చి బిగింపవలెను. వాలు తలక్రిందులై వెనుకవైపున తాకినచో, కాగితము తెగుటకు బదులు చినుగును. పై కత్తి క్రిందికత్తి అంచును దాటి దిగు లోతు మిల్లీమీటరులో సగమునుండి ఒక మిల్లీమీటరు లోపల నున్న సాధారణ కాగితమునకు చాలును. ఎక్కువ దింపినచో కాగితము ప్రక్కకు వంగి అంచు అలలుగా వచ్చును, దుమ్ము హెచ్చును. ప్రక్కనుండి ఒత్తు స్ప్రింగు బలము, కత్తులు రెండును విడిపోకుండుటకు చాలినంత మాత్రమే యుండవలెను. అంతకు మించిన ప్రతి బిగింపును కత్తి ఆయువును హరించును.

కత్తి మొన మనవారికి కొత్తది కాదు. 1893లో కోయంబత్తూరు చెంతనున్న కలంగల్ గ్రామమున తెలుగు కుటుంబమున జన్మించిన జి.డి. నాయుడుగారు 1920లో పొల్లాచి, పళనిల నడుమ ఒక్క బస్సుతో వృత్తి ప్రారంభించి, పిమ్మట యంత్రవిద్యలో ఎన్నియో నూతన వస్తువులను కల్పించిరి. అందు మిక్కిలి పలుచని క్షురపు బ్లేడు ఒకటి. ఎండుబ్యాటరీతో తిరుగు చిన్న మోటారుగల క్షురకయంత్రము మరియొకటి. వారు 1974లో స్వర్గస్థులైరి. వారు కల్పించిన వస్తువులను గూర్చి విన్నప్పుడెల్ల మాకు తోచుమాట ఒకటి కలదు: బ్లేడు ఎంత పలుచనిదో, దానిని కదలనీయక పట్టుకొను పట్టు అంత నిక్కముగా నుండవలెను. పదును సగము, పట్టు సగము. కార్ఖానాలలో మొదటి సగమునకే లెక్క వ్రాయుదురు. రెండవ సగమునకు పద్దు లేదు.

ఆ పద్దు లేమివలన ఒక మనుష్యుని కూటికే ముప్పు వచ్చిన సంగతి మేము చూచితిమి. 1993వ సంవత్సరమున మా కార్ఖానాలో ఒక స్లిట్టింగ్ యంత్రము కోసిన రీళ్లు వరుసగా తిరిగి రాసాగినవి. అచ్చు వేయువారు అంచున పీచు కలదనియు, దుమ్ము అచ్చుపలకలపై పడుచున్నదనియు ఉత్తరములు వ్రాసిరి. కత్తులను చూచు మేస్త్రీ మన తెలుగువాడే. ఇంట తెలుగు, వ్రాత తమిళము. అందరును ఆయనను కత్తిమేస్త్రీ అనియే పిలిచెడివారు. మేము అన్నా అని పిలిచెడివారము. నెలకు 12 పై కత్తులు చాలు చోట 25 ఖర్చగుచుండెను. పై అధికారులు కత్తి పదును సరిగా లేదనియు, సాన పట్టుట మేస్త్రీ పని గాన తప్పు ఆయనదే యనియు నిర్ణయించిరి. మూడు నెలల ప్రోత్సాహపు కూలి నిలిపివేసిరి. మరియొకమారు సరుకు తిరిగివచ్చినచో పనినుండి తొలగింతుమని మెమో ఇచ్చిరి. అప్పటికి ఆయనకు ఏబదియేండ్లు దాటినవి. ఇంటిలో పెండ్లి కావలసిన ఆడపిల్ల లిద్దరు.

ఆయన వాదింపలేదు. కత్తులను అప్పగించుటకు స్టోరునకు వచ్చినప్పుడు మాతో మాత్రము ఇట్లనెను: “కత్తిని తిట్టితే ఏమి లాభం తమ్ముడూ? అది కూచున్న చోటు చూడాల. ఏ చోటని నేను చెప్పితే నమ్మేవాళ్లు లేరు.”

చోటు ఏదని కనుగొనుటకు మాయొద్ద పద్దులు రెండుండెను. ఒకటి, తిరిగివచ్చిన సరుకు పద్దు. ప్రతి రీలుమీద అతికించు చీటీలో యంత్రపు సంఖ్యయు, ఆ రీలు ఏ వరుస కత్తుల నడుమనుండి వచ్చెనో ఆ వరుస సంఖ్యయు నుండును. రెండవది, కత్తుల పద్దు. ప్రతి పై కత్తికిని గుద్దిన అంకె కలదు. అది ఏనాడు ఏ వరుసకు పోయెనో, ఏనాడు తిరిగివచ్చెనో వ్రాసియుందుము. ఈ రెండింటిని ఎదురెదురుగా పెట్టి ఒక ఆదివారమంతయు చూచితిమి. తిరిగివచ్చిన 31 రీళ్లలో 27 నాలుగవ వరుసవి. ఆ మూడు నెలలలో నాలుగవ వరుసలో కూర్చున్న కత్తులు వేర్వేరు అంకెలవి 11. అవే కత్తులు సాన పట్టిన పిమ్మట ఇతర వరుసలకు పోయి చక్కగా కోసినవి. నాలుగవ వరుసలో కూర్చున్న ప్రతి కత్తియు దొంగ. అక్కడనుండి లేచిన పిమ్మట దొర! ఇక కత్తి నేరస్థురాలు ఎట్లగును?

మరునాడు తిరిగివచ్చిన రీలొకటి విప్పి అంచును దీపము క్రింద చూచితిమి. పీచు అంతటను లేదు. కొంత దూరము నునుపు, కొంత పీచు, మరల నునుపు. ఒకే యెడముతో వచ్చుచుండెను. మేజామీది అడుగుకొలబద్దతో పది యెడములు కొలిచి సరాసరి తీసితిమి: 24.2 సెంటీమీటర్లు. మా చదువు ఎస్.ఎస్.ఎల్.సి. తోనే ముగిసినది గాని, వృత్తపు చుట్టుకొలత లెక్క మరువలేదు. తిరుగు వస్తువులో దోషమున్నచో అది చుట్టునకు ఒకమారు కాగితముమీద పడవలెను గదా. పై కత్తి వ్యాసము 105 మిల్లీమీటర్లు. దాని చుట్టుకొలత సుమారు 33 సెంటీమీటర్లు. అది పొసగదు. క్రిందికత్తి వ్యాసము 80 మిల్లీమీటర్లు, చుట్టుకొలత 25.1 సెంటీమీటర్లు. దగ్గరగా నున్నది గాని సరిపోలేదు. సుమారు ఒక సెంటీమీటరు తక్కువ.

ఈ తేడాను మేస్త్రీకి చూపితిమి. ఆయన క్షణము ఆలోచించి, “క్రింది షాఫ్టు కాగితం కంటే నూటికి నాలుగు పాళ్లు బిరుసుగా తిరుగుతాది తమ్ముడూ. కాగితం బిగువు చెడకూడదని అట్లా పెట్టినారు. కత్తి ఒక చుట్టు తిరిగేలోపల కాగితం అంత దూరం రాదు” అనెను. 25.1ని 1.04తో భాగించితిమి. 24.1 వచ్చెను. అడుగుకొలబద్దతో కొలిచినవారికి ఇంతకన్న దగ్గరగా రావలయునని కోరుట అత్యాశ. ఆ లెక్క మాకు తెలియును, ఆ నాలుగు పాళ్లు ఆయనకు తెలియును; రెండును కలిసినగాని తప్పు చిక్కలేదు.

యంత్రమును ఆపి నాలుగవ వరుస క్రిందికత్తిని ఊడదీసిరి. అంతవరకు దానిని ఎవరును తాకియుండలేదు. మార్చినవన్నియు పై కత్తులే. ఆ ఉంగరమునకును ప్రక్కనున్న స్పేసరునకును నడుమ కాగితపు దుమ్ము నూనెతో కలిసి గట్టిపడి, ఒకవైపున మాత్రము పొరగా అంటుకొనియుండెను. స్పేసరు అంచున దెబ్బతగిలి లేచిన చిన్న బొడిపె యొకటి కలదు. ఆ రెంటివలన కత్తి సమముగా కూర్చుండక, తిరుగునప్పుడు ప్రక్కకు ఊగుచుండెను. డయల్ గేజీ పెట్టి చూడగా ఊపు మిల్లీమీటరులో నూటికి ఎనిమిది పాళ్లు. కంటికి ఆనదు. కాని చుట్టులో ఒకచోట పై కత్తి స్ప్రింగు ఆ ఊపును వెంబడింపజాలక విడిపోవుచుండెను, అచటనే పీచు. మేస్త్రీ దుమ్మును కిరసనాయిలుతో కడిగి, బొడిపెను నూనెరాతితో అరగదీసి, మరల బిగించెను. ఊపు నూటికి రెండు పాళ్లకు దిగినది. ఆనాడు కొత్త కత్తి ఒక్కటియు వాడలేదు. కోత కుదిరినది.

మెమోను ఉపసంహరించిరి. నిలిపిన మూడు నెలల కూలి మాత్రము తిరిగి ఇయ్యలేదు. ఆయన అడుగలేదు, అడుగుడని మేము చెప్పినను నవ్వి ఊరకుండెను. పనిలో నిలుచుటయే చాలునని ఆయన తలంపు. ఆ కూలి ఆయనకు రావలసినదే యని మేము నేటికిని తలంచుచున్నాము.

అటుపిమ్మట ఆయనయొద్ద కూర్చుండి, కోత చెడినప్పుడు చూడవలసిన వరుసను ఒక నోటుబుక్కున వ్రాసికొంటిమి. దాని సారము ఇది.

మొదట యంత్రమును పూర్తిగా ఆపి, విద్యుత్తు తీసి, తాళము వేయవలెను. తిరుగు కత్తియొద్ద చేయి పెట్టి అమర్చువాడు నేర్పరి కాడు, సాహసియు కాడు. గుండ్రని కత్తిని గట్టి చేతితొడుగు లేనిదే పట్టరాదు. మోయునప్పుడు కొయ్యపెట్టెలోనే మోయవలెను.

పిమ్మట అంచును చూడవలెను. దోషము సమానపు టెడముతో వచ్చుచున్నదా? అయినచో కొలిచి, ఏ చుట్టుకొలతకు సరిపోవునో చూచినచో తప్పుచేసిన చక్రము దొరకును. అంతటను ఒకే తీరుగా పీచు వచ్చుచున్నచో కత్తి మొద్దుబారుటయో, ఒత్తిడి చాలకపోవుటయో కావచ్చును. అంచు అలలుగా నున్నచో దిగులోతు హెచ్చినదో, కాగితపు బిగువు ఒకవైపు తగ్గినదో చూడవలెను. అన్ని వరుసలును ఒక్కసారిగా చెడినచో కత్తులను విడిచి, కాగితమును, బిగువును, షాఫ్టు బేరింగులను అనుమానింపవలెను. ఒక్క వరుసయే చెడినచో ఆ వరుసలోనే వెదకవలెను.

ఆ తరువాత కాగితము, తరువాత బిగువు, తరువాత షాఫ్టు, బేరింగులు, తరువాత కత్తి కూర్చుండు చోటు, తరువాత దిగులోతు, వాలు, ప్రక్కయొత్తిడి. ఇవన్నియు సరిగా నున్న పిమ్మటనే పదును. ఒకమారునకు ఒక్కదానినే మార్చి, కోసి చూచి, వ్రాసికొనవలెను. మూడింటిని ఒక్కసారి మార్చినవాడు బాగుపడినను ఏదివలన బాగుపడెనో ఎరుగడు. మరల చెడినప్పుడు మొదటికి వచ్చును.

సానను గూర్చి ఆయన మాటలు రెండు. సాన పట్టునప్పుడు నీరు ధారగా పడుచుండవలెను. అంచు నీలివన్నెకు తిరిగినచో ఉక్కు తన గట్టిదనమును కోల్పోయినట్లే. సాన ముగిసిన పిమ్మట అంచున లేచిన తీగవంటి పొరను మెత్తని రాతితో తుడిచివేయవలెను. అది నిలిచియున్నచో కత్తి మొదటి గంట మిక్కిలి పదునుగా తోచి, పిమ్మట పొర విరిగి అంచు రంపమగును.

కాగితమునకు చెప్పినది రేకునకు వేరొకవిధముగా వర్తించును. కోయంబత్తూరు పంపులకును మోటార్లకును పేరుపొందిన ఊరు. 1937లో జి.డి. నాయుడుగారును డి. బాలసుందరము నాయుడుగారును కలిసి దేశములోనే మొదటి విద్యుత్ మోటారును అచట తయారుచేసిరి. మోటారు లోపల పలుచని ఉక్కురేకులు దొంతరగా నుండును. ఆ రేకును చుట్టలనుండి చీల్చునప్పుడు పై కత్తికిని క్రిందికత్తికిని నడుమ, కాగితమునకువలె గాక, కొలిచిన వెలితి విడువవలెను. అరమిల్లీమీటరు రేకునకు ఆ వెలితి తలవెంట్రుక మందము కన్నను తక్కువ. వెలితి తప్పినను, కత్తి అరిగినను అంచున ముల్లువంటి బొడిపె లేచును. దానినే పనివారు బర్రు అందురు. ఒక రేకు ముల్లు ప్రక్కరేకును తాకినచో, రేకుల నడుమ పూసిన పూత వ్యర్థమై, విద్యుత్తు అడ్డదారి పట్టి మోటారు వేడెక్కును. పొలములో పంపు కాలినప్పుడు రైతు కరెంటును తిట్టును. ఒక్కొక్కమారు తప్పు ఎచటనో తిరిగిన ఒక కత్తి వెలితిలో నుండును. మంచికోతయందు రేకు అంచున పైభాగము మెరయు పట్టీగాను, క్రిందిభాగము మసక విరుపుగాను కనబడును. మెరుపు మూడవవంతు ప్రాంతమున నున్న వెలితి కుదిరినదని అనుభవజ్ఞులు చెప్పుదురు. ఇచటను సాక్షి అంచే.

చెడిన కోతను శ్రద్ధగా చూచినవానికి లాభము కూడ కలదని అట్టపెట్టెల చరిత్రమే చెప్పుచున్నది. 1879 ప్రాంతమున అమెరికాలో రాబర్ట్ గేర్ అను కాగితపు సంచుల వర్తకుడు ఉండెను. ఆయన కార్ఖానాలో సంచులపై మడతగీత వేయవలసిన లోహపుబద్ద యొకటి స్థానము తప్పి, గీత వేయుటకు బదులు సంచులనే కోసివేసినది. సరుకు పాడైనది. గేరు మాత్రము, బద్దల ఎత్తును హెచ్చుతగ్గులుగా అమర్చినచో ఒకే ఒత్తుడుతో కోతయు మడతయు రెండును పడునని గ్రహించెను. మడిచి పెట్టెగా నిలుపగల అట్టలు విరివిగా తయారగుటకు అదియే నాంది. బద్దను దూరముగా విసరివేసి పనివానిని దండించియున్నచో ఆ యెరుక కలిగెడిది కాదు.

కంబములో ఇటీవల జరిగినది కూడ చెప్పి ముగింతుము. ఇచట మనవారి కుర్రవాడొకడు పాత స్లిట్టింగ్ యంత్రమును కొని ద్రాక్షపెట్టెలకు అట్ట కోయుచున్నాడు. ఐప్పసి, కార్తిక మాసముల వానలలో అంచు పీచుపీచుగా వచ్చి, తోటవారు పెట్టెలను త్రిప్పి పంపిరి. అప్పు చేసి కొన్న యంత్రము. తప్పు దానిదే యని తలంచి అమ్మివేయ నిశ్చయించెను. మమ్ము “తాతా, ఒకసారి వచ్చి చూస్తారా” అని పిలిచెను. మేము నోటుబుక్కును తీసికొని పోయి వరుసగా చదివి వినిపించితిమి. అన్ని వరుసలును ఒక్కసారిగా చెడినవి. కావున మొదట కాగితమే. రీళ్లు గోడనానుకొని, చెమ్మనేలపై నిలువబెట్టియుండెను. తడిసిన కాగితము తెగదు, సాగి చినుగును. కొయ్యపలకలపై నెత్తి, టార్పాలిను కప్పి, ఎండురీలు ఒకటి తెచ్చి కోయగా అదే కత్తి, అదే అమరిక, అంచు నునుపుగా వచ్చెను. యంత్రము ఇంకను అతనియొద్దనే యున్నది.

కత్తిమేస్త్రీ 2011లో కాలము చేసెను. ఆయన విద్యలో మా నోటుబుక్కునకు ఎక్కినది నాలుగవవంతు కూడ లేదు. ఆయన తన భాషలో ఆలోచించెను. ఆ భాషను వ్రాయుట ఆయనకు రాదు. మన వలసకుటుంబములలో ఎందరో ఇట్టివారే. మగ్గము, లేతు, సాన, బావిమోటారు — వీనియందు తలలు పండినవారు ప్రతి యూరను ఉన్నారు. వారు ఇంట తెలుగున చెప్పుకొను మాట, వారు పోయిననాడు వారితోనే పోవుచున్నది. పిల్లలకు తెలుగు లిపి రాకున్నను తమిళలిపిలోనైనను ఆ మాటలను వ్రాసి ఉంచుకొనవలసినదిగా ప్రార్థించుచున్నాము. తేదీ వేయవలెను, కొలత వేయవలెను, ఏమి మార్చిరో ఏమి జరిగెనో వ్రాయవలెను. ఒక మంచి పద్దు ఒక మనుష్యుని ఉద్యోగమును నిలుపుటను మేము కన్నులార చూచితిమి.

ఆ నోటుబుక్కు మా యింటనే కలదు. ఎనుబది పుటలు, కొంత తెలుగు, కొంత తమిళము, బొమ్మలు మాత్రము మేస్త్రీ స్వయముగా గీసినవి. మనవారిలో యంత్రము నడుపువారు ఎవరైనను కంబము వచ్చి ఎత్తివ్రాసికొనవచ్చును. వచ్చునప్పుడు తమ యంత్రము కోసిన చెడ్డ అంచు ఒక మూరెడు వెంట తెచ్చినచో, కలిసి కూర్చుండి చూతము.